పంచిన ముక్కలు, ఎంచిన ముక్కలు

ఓడినవాడు మళ్లీ పేక కలపమని ఎందుకు అడుగుతాడు? డబ్బాశ అంటారు చాలామంది. పందెం లేని చోటా అదే మాట వినిపిస్తుంది కాబట్టి ఆ జవాబు నాకు చాలదు. వచ్చే ముక్క మన చేతిలో లేదు, ఉంచుకునే ముక్క మన ఇష్టం. ఈ ఇష్టానికి ఎంత చోటుంటే ఆట అంతగా వెనక్కి పిలుస్తుంది. పేకముక్కల చరిత్ర నాకు ఆ చోటు పెరుగుతూ వచ్చిన కథలాగే కనిపిస్తుంది.

బాబరు 1527లో సింధులోని షా హసన్‌కు గంజీఫా పేక పంపించాడని ఆయన ఆత్మకథ చెబుతోంది. దక్కనులో ఆ గుండ్రటి ముక్కల మీదికి దశావతారాలు ఎక్కాయి. మన నిర్మల్ చిత్రకారులూ వాటిని గీశారు. పది రంగులు, రంగుకు పన్నెండు, మొత్తం 120 ముక్కలు. ముగ్గురు కూర్చుంటే మనిషికి నలభై. పగటిపూట రాముడి రంగుతో, రాత్రి కృష్ణుడి రంగుతో ఆట మొదలవుతుంది. మైసూరులో మూడో కృష్ణరాజ ఒడెయరు కొత్త కొత్త పేకలనే కల్పించాడు. దశావతార ఆటలో పడిన ముక్కలన్నీ గుర్తుంచుకుంటేనే గెలుపు. అయితే పంచిన నలభై చివరిదాకా ఆ నలభయ్యే. మార్చుకునే దారి లేదు.

ఆ దారి మనవాళ్లకు రమ్మీతో తెరుచుకుంది. పదమూడు ముక్కలు, ప్రతి వంతుకూ ఒకటి తీయాలి, ఒకటి పారేయాలి. ఆట సాగుతున్నకొద్దీ చెయ్యి కొత్తగా తయారవుతుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నె లాంటి చోట ఈ ఆట ఎందుకు పాతుకుపోయిందో అక్కడి పంట కాలాన్ని చూస్తే తెలుస్తుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా. పెనకచర్ల డ్యాం ఈ మండలంలోనే ఉన్నా, నీళ్లెక్కని మెట్ట చేలల్లో పండేది ఒక్క పంటే. జూన్, జూలైలో విత్తిన శెనక్కాయను అక్టోబరు, నవంబరులో పీకేశాక మళ్లీ తొలకరి దాకా చేలో పనుండదు. కొందరు 44వ నంబరు రోడ్డెక్కి బెంగళూరుకు పనికి పోతారు. ఉండిపోయినవాళ్లకు పొద్దు గడవాలి, రచ్చకట్ట ఉంది, పేక ఉంది.

అక్కడ ఓడినవాళ్ల మాటలు రెండు రకాలు. "ముక్క పళ్లేదప్పా" అన్నవాడు తువ్వాలు దులుపుకుని లేచిపోగలడు. "ఆ కళావరు ఎనిమిది పారేయకుండా ఉండాల్సింది" అన్నవాడు లేవలేడు. తప్పెక్కడ జరిగిందో వాడికి తెలిసింది, దిద్దుకోవాలంటే ఇంకో ఆట కావాలి. నేను చెప్పదలచినదంతా ఈ రెండోవాడి గురించే.

సుప్రీంకోర్టు కూడా ఈ తేడానే పట్టుకుంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నారని పోలీసులు పెట్టిన కేసు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ పేరుతో 1967లో అక్కడ తేలింది. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం కాదు, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, అందుకు నేర్పు కావాలి అన్నది తీర్పు సారాంశం. రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్లకు ముందే తెలిసిన సంగతికి చట్టంలో చోటు దొరికింది.

ఆ తీర్పు తర్వాత కొన్నేళ్లకు అమెరికాలో ఈ కథకు ఇంకో పాయ మొదలైంది. 1980 నాటి రోగ్ అనే కంప్యూటర్ ఆటలో నేలమాళిగ ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. చస్తే మొదటికే. ఆ తీరు ఆటలకు రోగ్‌లైక్ అనే పేరు అలా వచ్చింది. 2008లో డొనాల్డ్ ఎక్స్. వకారినో చేసిన డొమినియన్ అనే కార్డుల ఆటలో అందరూ ఒకే రకం పది ముక్కలతో మొదలుపెట్టి, ఆడుతూ ఆడుతూనే ఎవరి పేక వాళ్లు కట్టుకుంటారు. డెక్ బిల్డింగ్ అంటే ఇదే. 2014లో డ్రీమ్ క్వెస్ట్ అనే ఆట రెండు పాయలనూ కలిపింది. ఆ కలయికను లోకానికి పరిచయం చేసింది మాత్రం మెగా క్రిట్ వాళ్ల స్లే ది స్పైర్. 2017 చివర్లో జనం చేతికి వచ్చి, 2019 జనవరిలో పూర్తయింది.

దీని దగ్గర కాస్త ఆగాలి. ఐరన్‌క్లాడ్ అనే వీరుడికి మొదట పది ముక్కలే, అన్నీ నాసిరకం. వంతుకు ఐదు చేతికొస్తాయి. శత్రువు తర్వాత ఏం చేయబోతున్నాడో ముందే చూపిస్తారు కాబట్టి, దెబ్బ తిన్నాక "నాకేం తెలుసు" అనే వీల్లేదు. గెలిచిన ప్రతిసారీ మూడు ముక్కలు చూపించి ఒకటి తీసుకోమంటారు. ఏదీ తీసుకోకపోవడం చాలాసార్లు తెలివైన పని. పేక లావయ్యేకొద్దీ పనికొచ్చే ముక్క చేతికి రావడం ఆలస్యమవుతుంది. అందుకే దుకాణంలో డబ్బిచ్చి మరీ ముక్కలు తీసేయించుకుంటారు. కొత్తవాడు పోగేస్తాడు, ఆరితేరినవాడు తగ్గించుకుంటాడు. రమ్మీలో పారేసే విద్యే ఇక్కడ ఆట మొత్తానికీ పాకింది. గెలిచాక కష్టం పెంచే మెట్లు మరో ఇరవై ఉన్నాయి.

2024 ఫిబ్రవరిలో వచ్చిన బలాట్రో మన చేతికి మరీ దగ్గర. మామూలు 52 ముక్కలు, పోకర్ వరసలు, 150 రకాల జోకర్లు. కెనడాకు చెందిన ఒక్క మనిషి, లోకల్‌థంక్ అనే మారుపేరుతో దీన్ని తయారుచేశాడు. ఏడాది తిరగకుండానే యాభై లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. ఇందులో పందెం లేదు. అయినా పేకముక్కల బొమ్మలు చూసి ఐరోపా రేటింగు సంస్థ పద్దెనిమిదేళ్లు నిండినవారికే అంది, 2025 ఫిబ్రవరిలో దాన్ని పన్నెండుకు దించింది.

ఆ పొరపాటు మన ఊళ్లలోనూ జరుగుతుంది, కాకపోతే దానికి గట్టి కారణముంది. ఫోన్లలో డబ్బు రమ్మీ ఇళ్లు కూల్చింది. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ దాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు నేర్పు, అదృష్టం తేడా చూడకుండా ఆన్‌లైన్ డబ్బాటలన్నిటినీ ఆపేసింది. ఆ నిర్ణయం సరైనదని నా నమ్మకం. డబ్బు పోగొట్టుకున్నవాడు మళ్లీ ఆడేది పోయింది రాబట్టుకోవడానికి. పారేసిన ఎనిమిది వాడికి గుర్తుండదు, అప్పు గుర్తుంటుంది. ఆట నేర్పే గుణాన్నే పందెం చంపేస్తుంది.

పందెం తీసేశాక మిగిలిన రమ్మీని తెలుగువాళ్లెవరైనా ఇలా మలచాలని నాకు గట్టి కోరిక. మొదట 52 ముక్కలు. ఒక్కో మజిలీ దాటాలంటే పదమూడు ముక్కలతో షో చేయాలి. మజిలీ మజిలీకి ముక్క తీసుకునే వంతులు తగ్గుతూ పోవాలి. గెలిచినప్పుడల్లా ఒక ముక్కను పేకలోంచి శాశ్వతంగా తీసేయొచ్చు, లేదా ఒక అవతారాన్ని జోకరుగా తెచ్చుకోవచ్చు. రాముడి జోకరు పగలు, కృష్ణుడిది రాత్రి పనిచేస్తుంది. కదిరి నరసింహుడిది మాత్రం సంధ్యవేళలోనే, అయితే ఏ ముక్క స్థానంలోనైనా చెల్లుతుంది. అది ఎప్పుడు తెచ్చుకోవాలన్నదాని మీదే సగం వాదనలు జరుగుతాయి.