మోటుపల్లి శాసనం, మా పసుపు లారీ

నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు మా చాగలమర్రి నుంచి కడప మార్కెట్టుకి పోతున్న పసుపు లారీ దారిలో తిరగబడింది. కొన్ని మూటలు జనం ఎత్తుకుపోయారు, మిగిలినవి వానకి తడిశాయి. కొన్న వ్యాపారేమో "సరుకు నాకు చేరలేదుగా" అన్నాడు. ఆ లోడు మీద మా నాన్నకి పైసా రాలేదు.

మోటుపల్లి శాసనం గురించి చదువుతుంటే అదే గుర్తొచ్చింది. 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు వేయించిందది. అంతకుముందు రాజులు తుఫానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోంచి బంగారం, ఏనుగులు, గుర్రాలు సర్వం లాగేసుకునేవాళ్ళట. ప్రాణాలకి తెగించి సముద్రం దాటి వచ్చినవాళ్ళ దగ్గర సుంకం తప్ప ఇంకేమీ ముట్టనని ఈయన రాయించాడు. సుంకం ముప్పయ్యో వంతు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ టర్మ్స్ అండ్ కండిషన్స్ కన్నా స్పష్టంగా లేదూ! 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా అక్కడే మళ్ళీ అభయమిచ్చాడు.

రాజు మాట ఒక్కటే చాలదు లెండి, వర్తకుల్లోనూ కట్టు ఉండాలి. ఇప్పటి కర్ణాటకలోని ఐహోళె పేరుతో తిరిగిన అయిదువందల మంది వర్తక సంఘం 1088లో ఎక్కడో సుమత్రా దీవిలోని బరూస్‌లో తమిళ శాసనం వేసింది. ఓడలో వచ్చినవాళ్ళు కస్తూరి ధర లెక్కన బంగారం కట్టాకే లోపలికి రావాలని! ఇలాంటి సంఘాలని మన తెలుగు శాసనాల్లో నకరం అనీ, పెక్కండ్రు అనీ అన్నారు.

మా నాన్న ఆ వ్యాపారి దగ్గరికి మూడుసార్లు వెళ్ళాడు, ఒక్కడే.