ఎల్లాప్రగడ సుబ్బారావు చరిత్ర ఎక్కడ మొదలవుతుంది?

మా గోపాలపట్నంలో ఇంటర్మీడియట్ చదివే ఆడపిల్లలకు వారానికొకసారి నీలం రంగు మాత్ర ఒకటి ఇస్తారు. అందరూ మింగరు. కడుపులో తిప్పుతుందని కొందరు, ఎందుకిస్తున్నారో తెలియక కొందరు దాన్ని కిటికీలోనుంచి అవతల పారేస్తారు. ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుమూ, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమూ ఉంటాయి. ఈ రెండోదానికీ మన భీమవరానికీ సంబంధం ఉందని ఒకరోజు తరగతిలో అన్నాను. ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు పిల్లలు విన్నారు. “నోబెల్ బహుమతి రావలసినవాడండీ” అన్నది ఒక అమ్మాయి. ఎందుకు రావలసినవాడో మాత్రం ఆ అమ్మాయీ చెప్పలేదు, మిగతావాళ్లూ చెప్పలేదు.

తప్పు పిల్లలది కాదు. ఈ చరిత్రను మనం చెబుతూ వచ్చిన పద్ధతిలోనే లోపమున్నది. నేను తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ణి, రసాయనశాస్త్రం నా వృత్తి కాదు. కాని కథ చెప్పే తీరులో ఉండే లోపం సాహిత్య విద్యార్థికి త్వరగా కనబడుతుంది. మనవాళ్లు శాస్త్రజ్ఞుడి జీవితం రాయబోయి, తెలియకుండానే స్థలపురాణం బాణీలో పడిపోతారు. సింహాచలం నీడలో బతికేవాడికి ఆ బాణీ కొత్తగాదు. దేవుడు పుట్టలో మరుగుపడి ఉంటాడు, ఒక మహారాజుకు కలలో కనిపిస్తాడు, పుట్ట తవ్విస్తారు, గుడి వెలుస్తుంది. సుబ్బారావు కథకూడా అలాగే నడుస్తుంది. 1895లో బీదింట పుట్టాడు, మూడోసారికిగాని మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు, మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు కట్టినందుకు తెల్ల ప్రొఫెసరు ఆగ్రహానికి గురై ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పుచ్చుకున్నాడు, సముద్రం దాటాడు, ఘనకార్యాలు చేశాడు, లోకం ఆయన్ను గుర్తించలేదు. ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే పుట్టమన్ను తట్టల్లో ఎవరు మోశారో స్థలపురాణం చెప్పదు.

గనక ఈ కథను మరొకచోటినుంచి మొదలుపెట్టి చూద్దాం.

1928వ సంవత్సరం. బొంబాయి నూలుమిల్లుల్లో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా లక్షన్నరమంది కార్మికులు సమ్మెలో ఉన్నారు. గిర్నీ కామ్‌గార్ యూనియన్ పుట్టింది ఆ సమ్మెలోనే. తెలంగాణా మగ్గాలు వదిలి వలసపోయిన మన పద్మశాలీలుకూడా ఆ మిల్లుల్లో పనిచేసినవారే. సరిగ్గా అదే సంవత్సరం లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చింది. ఆమె సమ్మె చూడటానికి రాలేదు. గర్భిణీస్త్రీలను చంపుతున్న ఒకరకం రక్తహీనతకు కారణం వెతకటానికి వచ్చింది. ఆ జబ్బులో ఎర్ర రక్తకణాలు సంఖ్యలో తగ్గిపోతాయి, ఉన్నవి ఉబ్బి పెద్దవవుతాయి. ఇనుము ఇస్తే ఫలితం లేదు. సూక్ష్మజీవి ఏదో కారణమై ఉంటుందని వెతికారు, దొరకలేదు. విల్స్ చేసిన పనేమంటే, రోగుల వంటింట్లోకి తొంగిచూడటం. ఎవరేం తింటున్నారు, ఏ పూట తింటున్నారు, ఆకుకూర ఎంత, పండు ఎంత, మాంసం ఎంత అని విచారించింది. జబ్బు పడుతున్నది పేదరాండ్రు. అందులో మిల్లుల్లో పనిచేసేవారు ఎక్కువ. కలిగినవారి ఇళ్లలో ఈ జబ్బు లేదు. సమ్మె చేసినవారు కూలి గురించి చెబుతున్నదీ, విల్స్ సూక్ష్మదర్శినిలో చూస్తున్నదీ ఒకే విషయమని ఇప్పుడు మనకు తెలుస్తున్నది. అప్పుడు ఈ రెంటినీ కలిపి చదివినవారు లేరు.

మందు దొరికింది చాలా అల్పమైన వస్తువులో. బీరు కాచగా మిగిలిన ఈస్టునుంచి తీసిన ముదురు రంగు ముద్ద, మార్మైట్ అని అంగళ్లలో అమ్మేది, ఆ స్త్రీలకు పెట్టగా రక్తం పట్టింది. 1931లో ఆమె ఈ సంగతి ప్రకటించింది. మద్రాసు ఆసుపత్రిలోనూ, కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ కూడా ఆమె కొంతకాలం పనిచేసింది. ఈస్టులో ఉన్న ఆ గుణకారి ఏమిటో మాత్రం తేలలేదు. చాలాకాలం దాన్ని విల్స్ కారకం అనే పిలిచారు.

ఈస్టు కంటికి కనిపించని జీవి. దాని తరవాత రంగంలోకి దిగింది మరొకటి, పాలను పులియబెట్టే జాతికి చెందిన లాక్టోబాసిల్లస్ కేసీ. దీని ప్రత్యేకత ఏమంటే, చాలా సూక్ష్మజీవులు తమకు కావలసిన ఫోలిక్ ఆమ్లాన్ని తామే తయారుచేసుకుంటాయి, ఇది చేసుకోలేదు. ఎవరైనా పెడితేనే తిని పెరుగుతుంది. శాస్త్రజ్ఞులు దీని అసమర్థతను వాడుకున్నారు. ఒక గాజుగొట్టంలో మిగతా ఆహారమంతా పెట్టి, పరీక్షించవలసిన పదార్థం ఒక చుక్క వేసి, ఈ జీవిని వదిలారు. అది ఎంత పెరిగి ఎంత పులుపు పుట్టిస్తే ఆ చుక్కలో ఆ వస్తువు అంత ఉన్నట్టు లెక్క. ఇంత సున్నితమైన త్రాసు అప్పుడు ఏ కంసాలి దగ్గరా లేదు. 1941లో అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయంవారు ఇటువంటి జీవినే త్రాసుగా పెట్టుకుని, నాలుగు టన్నుల పాలకూరను వడగట్టి వడగట్టి ఆ వస్తువును దాదాపు శుద్ధరూపంలో పట్టుకున్నారు. ఆకులో దొరికింది గనక లాటిన్‌లో ఆకు అనే మాటమీద ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టారు. ఈ పేరులోని వ్యవసాయాన్ని మనం మరిచిపోయాం.

సుబ్బారావు ఈ కథలోకి ప్రవేశించేది ఇక్కడ. తన అన్న స్ప్రూ అనే జబ్బుతో (మన వైద్యులు సంగ్రహణి అంటారు) పోయాడనీ, తానూ ఆ జబ్బు పడి ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో తేరుకున్నాడనీ జీవితచరిత్రకారులు రాశారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో ఆయన శరీరశాస్త్రం బోధించాడు. 1922లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రికూలీగా బెడ్‌పాన్లు కడిగి చదువుకున్నాడు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. కండరానికి శక్తినిచ్చే పదార్థాలను వెలికితీశాడు. అయినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు వెళ్లి, త్వరలోనే దానికి అధిపతి అయ్యాడు.

1945లో ఆ పరిశోధనశాల ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినట్టు ప్రకటించింది. ఆ పత్రంలో పదికి పైగా పేర్లున్నాయి. సుబ్బారావు పేరు వాటిలో ఒకటి. మనవాళ్లలో కొందరికి ఇది అవమానంగా తోస్తుంది. నాకు అలా తోచదు. కాలేయంలోనుంచి తీసేవాళ్లూ, బాక్టీరియా పులియగా మిగిలిన ద్రవంలోనుంచి తీసేవాళ్లూ, అణువును ముక్కలుచేసి దాని నిర్మాణం తేల్చేవాళ్లూ, దాన్ని మళ్లీ కట్టేవాళ్లూ – ఇంతమందిని ఒక్క ప్రశ్న చుట్టూ కూర్చోబెట్టటమే ఆయన చేసిన అసలు పని. ఒంటరి మేధావి అనే బొమ్మకు ఈ మనిషి సరిపోడు. పోతే, మరుసటి సంవత్సరానికల్లా ఆ మందుతో స్ప్రూ రోగులు కోలుకోవటం వైద్యులు చూశారు.

ఇక్కడ ఇంకొక మలుపున్నది. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. ఎముకమూలుగలో పుట్టే రక్తకణాలు ఎడతెగకుండా చీలుతూ ఉంటాయి గనక, అది కొరవడితే మొదటి దెబ్బ వాటిమీదే. అవి చీలలేక ఉబ్బుతాయి. బొంబాయి స్త్రీల రక్తంలో విల్స్ చూసింది ఇదే. మరి రక్తకాన్సరులో తెల్లకణాలు అదుపుతప్పి చీలుతున్నప్పుడు ఆ ఆమ్లాన్ని వాటికి అందకుండా చేస్తే? లెడర్లీవారు ఫోలిక్ ఆమ్లం రూపమే ఉండి దాని గుణం లేని అణువులను తయారుచేశారు. తాళంకప్పలో మారుచెవి దూరి ఇరుక్కున్నట్టు అవి కణంలో ఇరుక్కుంటాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను రక్తకాన్సరు పిల్లలకు ఇచ్చి, 1948 జూన్‌లో ఫలితాలు ప్రకటించాడు. 16 మందిలో 10 మందికి కొంతకాలంపాటు జబ్బు తగ్గుముఖం పట్టింది. కొంతకాలమే. కాని అంతకుముందు అదికూడా లేదు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ కాన్సరుకూ, కీళ్లవాతానికీ వాడుతున్నారు. ఆకలివల్ల వచ్చిన జబ్బును పరిశీలిస్తే పుట్టిన జ్ఞానం కాన్సరుకు ఆయుధమైంది.

ఆకు సంగతి అయింది, ఇక మన్ను. యుద్ధానంతరం మందుల కంపెనీలన్నీ మట్టికోసం ఎగబడ్డాయి. పిడికెడు మట్టిలో కోట్ల సూక్ష్మజీవులుంటాయి, అవి ఒకదాన్నొకటి చంపుకోవటానికి విషాలు తయారుచేస్తాయి, ఆ విషం మనకు మందు. లెడర్లీలో ఈ పని బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడికి అప్పగించారు. అప్పటికే ఆయన డెబ్బై దాటి విశ్వవిద్యాలయంనుంచి విశ్రాంతి తీసుకున్నవాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయం వ్యవసాయ క్షేత్రంలో గడ్డి పెరిగే మడినుంచి 1945లో పంపిన మట్టిలో పసుపురంగు స్ట్రెప్టోమైసిస్ ఒకటి దొరికింది. 1948లో అది ఆరియోమైసిన్ అయింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి పెద్దబిడ్డ అది. అదే ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశాడు.

ఆ మట్టి ప్రభుత్వ విశ్వవిద్యాలయం పొలంలోది. పేటెంటు మాత్రం 1949లో కంపెనీకి దక్కింది. ఇదేమీ దొంగతనం కాదు, చట్టప్రకారం జరిగింది. గమనించవలసినది ఆ చట్టాన్నే. 1959 చివర అమెరికా సెనేటులో కెఫావర్ ఉపసంఘం మందుల ధరలమీద విచారణ మొదలుపెట్టింది. మందులు ప్రపంచంలో అత్యంత ఖరీదుగా అమ్ముడయ్యే దేశాలలో భారతదేశం ఒకటని 1961లో దాని నివేదిక పేర్కొన్నది. భీమవరంవాడు అధిపతిగా ఉన్న పరిశోధనశాల మందును భీమవరం రైతు కొనలేకపోయాడన్నమాట! ఆ ధరలు తగ్గింది ఎవరి దయవల్లనూ కాదు. పింప్రీలో 1954లో ప్రభుత్వ యాంటీబయాటిక్ కర్మాగారం వచ్చింది. సోవియట్ సహాయంతో 1961లో ఐ.డి.పి.ఎల్. ఏర్పడి రిషీకేశ్‌లో యాంటీబయాటిక్‌లూ, హైదరాబాదులో కృత్రిమ ఔషధాలూ తయారుచేసింది. 1970 పేటెంటు చట్టం మందు వస్తువుమీద గుత్తహక్కు తీసివేసి, తయారీ పద్ధతిమీద మాత్రమే ఉంచింది. నేడు హైదరాబాదు, విశాఖ పరిసరాల్లో మందుల ఫ్యాక్టరీలు నడిపేవారు తమ స్వయంకృషి గురించి ఎంతైనా చెప్పుకోవచ్చుగాని, వారి పనివారు పని నేర్చిన బడి అది. ఆ బడి తరవాత మూతపడింది. 2005లో వస్తువు పేటెంటు తిరిగివచ్చింది. ఆ ఫ్యాక్టరీలు వదిలే నీటి సంగతీ చెప్పుకోవాలి. పటాన్‌చెరు వద్ద శుద్ధికేంద్రంనుంచి వెలువడే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్టు 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మందు తీసుకున్న రోగి రక్తంలోకూడా అంత ఉండదు. మందుకు లొంగని సూక్ష్మజీవులను మనమే మేపుతున్నాం.

మన పూర్వులకు ఇదంతా తెలుసు అనేవారు కొందరున్నారు. తరవాణి కుండలోని పులుపూ, ఇడ్లీపిండి పొంగూ సూక్ష్మజీవుల పనే. వాటిని పెంచి పోషించిన తల్లుల అనుభవం విలువైనదే. కాని అనుభవం ప్రశ్న వేసినప్పుడే శాస్త్రమవుతుంది. 2015 నోబెల్ వైద్యబహుమతిని చూడండి. సగం చైనా పరిశోధకురాలు తూ యూయూకు వచ్చింది. ఆమె ప్రాచీన వైద్యగ్రంథం తిరగేసి, మాచిపత్రి జాతి మొక్కను వేడిచేయకుండా రసం తీయాలన్న సూచన అందులో పట్టుకుని, 1967లో చైనా ప్రభుత్వం మొదలుపెట్టిన సామూహిక పథకంలో మలేరియా మందు ఆర్టిమిసినిన్‌ను సాధించింది. గ్రంథానికి దండం పెట్టి ఊరుకోలేదు, పరీక్షకు పెట్టింది. మిగతా సగం, జపాను మట్టిలో దొరికిన సూక్ష్మజీవినుంచి ఐవర్‌మెక్టిన్ సాధించినందుకు సతోషి ఓమురా, విలియం కాంప్‌బెల్‌లకు వచ్చింది. మన కోస్తా జిల్లాలను పీడించిన బోదకాలుకు 1947లో సుబ్బారావు పరిశోధనశాలనుంచి వచ్చిన హెట్రజాన్, అంటే డి.ఇ.సి. మాత్రను ఇప్పుడు ఈ ఐవర్‌మెక్టిన్‌తోనూ, ఆల్బెండజోల్‌తోనూ కలిపి ఇవ్వాలని 2017లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించింది.

మళ్లీ నీలం మాత్ర దగ్గరికి వద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉన్నది. ఎక్కువభాగం ఇనుము లోపంవల్ల వచ్చేదే, ఫోలిక్ ఆమ్లం పాత్ర అంతకంటే తక్కువ. అయినా లూసీ విల్స్ వేసిన ప్రశ్న చెక్కుచెదరలేదు: ఏం తింటున్నారు, ఎవరు ముందు తింటున్నారు, మిగిలితే ఎవరు తింటున్నారు? మా గోపాలపట్నం రైతుబజారులో తోటకూర, గోంగూర, బచ్చలి కట్టలు పొద్దున్నే వస్తాయి. ఎక్కువసేపు ఉడికించి నీళ్లు పారబోస్తే వాటిలోని ఫోలిక్ ఆమ్లం చాలావరకు పోతుంది. ఈ మాట తరగతిలో చెబితే ఒక అమ్మాయి నవ్వి, “కూర ఉడికేసరికే మాకు మిగలదు సార్, నీళ్ల సంగతి తరవాత” అన్నది. ఆ అమ్మాయి తల్లి రెండిళ్లలో పనిచేసి వచ్చి వండుతుందట.

సుబ్బారావు పేరుమీద 1995లో మన ప్రభుత్వం తపాలాబిళ్ల వేసింది. అంతకు చాలాముందే, 1953లో, హెస్సెల్‌టైన్ అనే శిలీంధ్రశాస్త్రజ్ఞుడు ఒక కొత్త బూజు జాతికి ఆయన పేరు పెట్టాడు, సుబ్బరోమైసిస్ అని. అది మురుగునీటిని శుభ్రంచేసే రాతిపడకలమీద పెరుగుతుంది.