సముద్రానికి గడియారం చేసిన వడ్రంగి



ఒక పనిని ఇష్టపడటం తేలికే. ఆ ఇష్టాన్ని జీవనాధారంగా మలచుకొని, ముసలితనం వరకు నమ్మకంగా మోయడం కష్టం. ఈ వారం అలాంటి ఒక మనిషిని తలచుకుందాం. ఆయన పేరు జాన్ హారిసన్.

1693లో ఇంగ్లాండులోని యార్క్‌షైర్‌లో ఒక వడ్రంగి ఇంట ఆయన పుట్టాడు. లింకన్‌షైర్‌లోని బారో అనే పల్లెలో పెరిగాడు, తండ్రి దగ్గర కర్రపని నేర్చుకున్నాడు. ఊరి చర్చిలో గంటలు మోగించేవాడు, పాటల బృందాన్ని నడిపించేవాడు. గడియారాల పని ఆయనకు చేయిపట్టి నేర్పిన వస్తాదు లేడు. ఆ ఊరికి వచ్చిన ఒక పాదిరిగారు కేంబ్రిడ్జి శాస్త్ర ఉపన్యాసాల చేతిరాత ప్రతిని ఆయనకు చదువుకోమని ఇచ్చారు. హారిసన్ దానినంతా బొమ్మలతో సహా తన చేత్తో ఎత్తి రాసుకున్నాడు. ఆ పాదిరిగారు చేసింది చిన్న సాయమే, కానీ అది ఎంత దూరం వెళ్లిందో చూడండి.

1713లో ఆయన మొదటి గడియారం చేశాడు. దాని చక్రాలు కూడా కర్రవే. 1722 ప్రాంతంలో బ్రాకల్స్‌బీ పార్క్ అనే ఎస్టేటుకు ఒక గోపుర గడియారం చేశాడు. ఆ రోజుల్లో గడియారాలకు వేసే నూనె చిక్కబడిపోయి నడక చెడగొట్టేది. హారిసన్ సహజంగానే జిడ్డుండే ఒక గట్టి కర్రను రాపిడి పడే చోట్ల వాడి, నూనె అవసరమే లేకుండా చేశాడు. ఆ గడియారం నేటికీ నడుస్తోంది.

ఆ కాలంలో సముద్రం మీద ప్రాణాలు పోతుండేవి. తూర్పు పడమరల్లో తామెక్కడున్నారో నావికులకు సరిగా తెలిసేది కాదు. 1707లో ఇంగ్లాండు తీరం దగ్గరి సిల్లీ దీవుల వద్ద నాలుగు యుద్ధనౌకలు రాళ్లకు కొట్టుకొని, వెయ్యిమందికి పైగా మునిగిపోయారు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. కాబట్టి బయలుదేరిన రేవులో ఇప్పుడు టైమెంతో తెలిస్తే, ఓడ మీది మధ్యాహ్నంతో పోల్చి రేఖాంశం లెక్కకట్టవచ్చు. కానీ గడియారం 4 సెకన్లు తప్పితే, భూమధ్యరేఖ దగ్గర దాదాపు 2 కిలోమీటర్లు తప్పినట్టే. ఊగే ఓడలో అంత నిక్కచ్చిగా నడిచే గడియారం అప్పటికి లేదు. అందుకే దారి చూపినవారికి 20,000 పౌండ్ల వరకు బహుమతి ఇస్తామని పార్లమెంటు 1714లో చట్టం చేసింది.

హారిసన్ 1735 నాటికి మొదటి సముద్ర గడియారం పూర్తిచేశాడు. మరుసటి ఏడు లిస్బన్ ప్రయాణంలో, ఓడ ఎక్కడుందన్న విషయంలో అధికారుల లెక్క కంటే ఆయన లెక్కే నిజమైంది. అయినా 1737లో బోర్డు పెద్దల ముందు నిలబడినప్పుడు ఆయన బహుమతి అడగలేదు. తన యంత్రంలోని లోపాలను తానే ఎత్తిచూపి, ఇంకా మెరుగైనది చేయడానికి సాయం అడిగాడు. రెండవది చేసి, అందులోనూ లోపం కనిపెట్టి పక్కన పెట్టాడు. మూడవదాని మీద సుమారు 19 ఏళ్లు కష్టపడ్డాడు. ఆ తర్వాత, పెద్ద యంత్రం కాదు, చిన్న వాచీయే సరైన దారి అని గ్రహించి, 1759లో సుమారు 13 సెంటీమీటర్ల వెడల్పున్న వాచీ చేశాడు. అప్పటికి ఆయన వయస్సు 66.

1761లో కొడుకు విలియం ఆ వాచీతో జమైకాకు ఓడ ఎక్కాడు. 81 రోజుల్లో తప్పింది దాదాపు 5 సెకన్లే! అయినా బోర్డు తృప్తిపడలేదు. మరొక పరీక్ష పెట్టింది, వాచీ విప్పి రహస్యం చెప్పమంది, సగం సొమ్మే ఇచ్చింది. చివరికి మూడవ జార్జి రాజు కలుగజేసుకున్నాక, 1773లో పార్లమెంటు ఆయనకు మరో 8,750 పౌండ్లు ఇచ్చింది. మూడేళ్లకు, 83 ఏళ్ల వయస్సులో, ఆయన కన్నుమూశాడు.

ప్రియులారా, హారిసన్‌ను నిలబెట్టింది ఇష్టం ఒక్కటే కాదు. తన పనిలో లోపాన్ని ఇతరులకంటే ముందు తానే ఒప్పుకొని సరిదిద్దుకున్న నిజాయితీ కూడా. 19 ఏళ్ల కష్టాన్ని పక్కన పెట్టి చిన్న వాచీ దగ్గర మళ్లీ మొదలుపెట్టడానికి ఎంత తగ్గింపు మనసు కావాలి!

మీ ఇంట్లో పాత టైంపీసు విప్పి చూసే పిల్లవాడున్నాడా? పాడుచేస్తున్నావని కసరకండి. స్క్రూలు పోకుండా ఒక పళ్లెం ఇవ్వండి, పని తెలిసినవారి దగ్గర కూర్చోబెట్టండి. విప్పినదాన్ని తిరిగి బిగించేదాకా విడిచిపెట్టకూడదని కూడా నేర్పండి.

అట్టి ఓర్పు, అట్టి నిజాయితీ మన చేతి పనులన్నిటిలో ఉండును గాక.