బలరాం మనవాడే, గుర్తుపెట్టుకున్నది మాత్రం వాళ్ళు

మన కుర్రాళ్ళకి బార్సిలోనా టీములో రిజర్వు గోల్‌కీపర్ ఎవరో తెలుసు. తులసీదాస్ బలరాం ఎవరంటే మాత్రం తెల్లమొహం వేస్తారు. వాళ్ళ తప్పేమీ లేదు లెండి, చెప్పేవాళ్ళుంటే కదా తెలిసేది!

2023 ఫిబ్రవరి 16న బలరాం కోల్‌కతాలో చనిపోయారు. వయసు 86. ఈస్ట్ బెంగాల్ క్లబ్బు అభిమానులు ఆయన్ని తమ ఇంటి పెద్దని తల్చుకున్నట్టు తల్చుకున్నారు. ఇక్కడ మీరు ఒక చిన్న లెక్క వెయ్యాలి. ఆయన ఆట మానేసింది 1963లో, అంటే చనిపోవడానికి 60 ఏళ్ళ ముందు. అప్పుడు పదేళ్ళ పిల్లాడై గ్యాలరీలో కూర్చుని చూసినవాడికి కూడా 2023 నాటికి డెబ్భై. కాబట్టి ఆయన కోసం బాధపడినవాళ్ళలో నూటికి తొంభై మంది ఆయన ఆట కళ్ళారా చూసినవాళ్ళు కాదు. టీవీ లేని రోజులు కాబట్టి తర్వాతైనా చూసే వీల్లేదు. తాత తండ్రికి చెప్పాడు, తండ్రి కొడుక్కి చెప్పాడు. అంతే. ఒక ఊరు ఒక ఆటగాణ్ణి అరవై ఏళ్ళు నోటిమాట మీద మోసిందన్నమాట.

ఆ ఊరు ఆయన పుట్టిన ఊరు కాదు. అసలు చెప్పాలనుకున్నది ఇదే.

బలరాం పుట్టింది 1936లో, సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో. తల్లిదండ్రులు తమిళులు. కంటోన్మెంట్ చుట్టుపక్కల తమిళ కుటుంబాలు ఎన్ని ఉండేవో అక్కడ పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. బొల్లారం వైపు వెళ్ళే రైల్లో ఇప్పటికీ అమ్ముగూడ స్టేషన్ వస్తుంది. ఈ పేదింటి కుర్రాడి ఆట సయ్యద్ అబ్దుల్ రహీం కంట పడింది. రోజూ అంత దూరం నుంచి ప్రాక్టీసుకి రావడానికి డబ్బుల్లేవంటే, అద్దె సైకిలుకి డబ్బులు రహీం సాబే ఇచ్చేవారని చెప్పుకుంటారు.

రహీం సాబ్ గురించి అజయ్ దేవగన్ 'మైదాన్' సినిమా (2024) వచ్చాక కొంతమందికైనా తెలిసింది. అంతకుముందు ఎంతమందికి తెలుసు చెప్పండి? 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీము. డ్యూరాండ్ కప్పు 1950లో, 1954లో, 1957లో తెచ్చారు. పేరు ఆంధ్రా పోలీస్ అయ్యాక 1961లో ఇంకోసారి. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ 1956-57, 1957-58లో వరసగా రెండుసార్లు హైదరాబాద్‌దే, ఆ జట్టులో బలరాం ఉన్నాడు. ఇవాళ ఇవి మనకి ఎవరో పక్క దేశం రికార్డుల్లా అనిపిస్తాయి.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా సెమీఫైనల్ దాకా వెళ్ళింది. ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి, యుగోస్లావియా చేతిలో 1-4తో, బల్గేరియా చేతిలో 0-3తో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. కోచ్ రహీం. జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికర్, బలరాం - అందరూ హైదరాబాద్ మైదానాల్లో ఆడి పైకొచ్చినవాళ్ళే. బలరాంకి అప్పటికి ఇరవై ఏళ్ళు.

నాలుగేళ్ళ తర్వాత రోమ్. బలరాం అసలు సత్తా కనపడింది అక్కడే. మొదటి మ్యాచ్ హంగరీతో. ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టది. మనవాళ్ళు 1-2తో ఓడారు, ఆ ఒక్క గోల్ బలరాంది. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. పెరూతో 1-3, ఆ ఒక్కటీ మళ్ళీ బలరాందే. అంటే రోమ్‌లో ఇండియా కొట్టిన మూడు గోల్స్‌లో రెండు అమ్ముగూడ కుర్రాడివి. ఆ తర్వాత ఇప్పటిదాకా మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ గడప తొక్కలేదు.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ సంగతి సినిమాలో చూసే ఉంటారు. మొదటి మ్యాచ్‌లో కొరియా చేతిలో 0-2తో ఓడి, ఫైనల్లో అదే కొరియాని 2-1తో కొట్టి బంగారం తెచ్చారు. మధ్యలో జపాన్‌ని 2-0తో ఓడించినప్పుడు ఒక గోల్ పి.కె. బెనర్జీది, రెండోది బలరాంది.

చునీ గోస్వామి, పి.కె., బలరాం - ఈ ముగ్గుర్నీ కలిపి భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులు అనేవాళ్ళు. చునీకి 1983లో పద్మశ్రీ, పి.కె.కి 1990లో పద్మశ్రీ. బలరాంకి 1962లో వచ్చిన అర్జున అవార్డే మొదలూ, చివరా. పి.కె., చునీ ఇద్దరూ 2020లో నెల పైచిలుకు తేడాతో పోయారు. ఆ తర్వాత దాదాపు మూడేళ్ళు బలరాం ఒక్కరే మిగిలారు.

ఇక కలకత్తా సంగతి. అప్పట్లో హైదరాబాద్‌లో ఎంత బాగా ఆడినా, ఉద్యోగం, డబ్బు, పేరు కావాలంటే కలకత్తా వెళ్ళాల్సిందే. ఇప్పుడు మనవాళ్ళు బెంగుళూరుకీ, అమెరికాకీ వెళ్ళినట్టే అనుకోండి. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళారు. 1947 విభజనలో ఇల్లూ ఊరూ పోగొట్టుకుని వచ్చిన తూర్పు బెంగాల్ కాందిశీకులకి ఆ క్లబ్బు ఒక సొంత ఊరులాంటిది. గెలిచిన రోజు ఇంట్లో పులస చేప వండుకునే అభిమానం వాళ్ళది (వాళ్ళు దాన్ని ఇలిష్ అంటారు). అలాంటి క్లబ్బుకి ఒక హైదరాబాదీ 1961లో కెప్టెన్ అయ్యి, 1952 తర్వాత అందకుండా పోయిన కలకత్తా లీగ్ టైటిల్ తెచ్చిపెట్టాడు. మొత్తం మీద ఆ క్లబ్బుకి వందకు పైగా గోల్స్ కొట్టాడు. మరి మర్చిపోతారా?

1963లో ఊపిరితిత్తుల జబ్బు చేసి, 27 ఏళ్ళకే ఆట ఆపేయాల్సొచ్చింది. మన వృత్తిలో 27 అంటే ఇంకా సీనియర్ ఇంజనీర్ కూడా కాని వయసు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. రైల్వే ఉద్యోగం చేసుకుని, హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో ఒక ఫ్లాట్‌లో ఉండిపోయారు. పాత క్లబ్బు అధికారులు తనని చూసిన తీరు మీద ఆయనకి అసంతృప్తి ఉండేది, దాన్ని దాచుకోనూ లేదు. అయినా అభిమానులు ఆయన్ని వదల్లేదు. నాకు నచ్చింది ఇదే. క్లబ్బు అంటే ఆఫీసులో కూర్చున్న నలుగురు కాదని వాళ్ళకి తెలుసు.

మరి మనం ఎందుకు మర్చిపోయాం? క్రికెట్ వచ్చి మింగేసింది అనేది అందరూ చెప్పే జవాబు. నన్నడిగితే అది సగమే. క్రికెట్ పిచ్చి కలకత్తాకి తక్కువా? వాళ్ళ ఫుట్‌బాల్‌ని జనం నడిపించారు. మన ఫుట్‌బాల్‌ని ఒక పోలీసు శాఖ, ఒక మహానుభావుడు నడిపించారు. మా భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారే, అదన్నమాట. 1963 జూన్‌లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. 1965లో ఆంధ్రప్రదేశ్ ఒకసారి సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత మెల్లగా అంతా సద్దుమణిగింది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లాగా తరతరాలుగా ఇంటిల్లిపాదీ కొట్టుకునే క్లబ్బు మనకి లేకపోయింది. పోలీసు టీము ఎంత గొప్పదైనా డిపార్ట్‌మెంటుదే కానీ బస్తీది కాదు కదా. మొన్నటికి మొన్న హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్ఎల్ గెలిచింది. 2025 వచ్చేసరికి ఆ జట్టు ఏకంగా ఢిల్లీకి మారిపోయింది. కలకత్తాలో ఇలా జరిగితే ఊరుకుంటారా? ఇక్కడ ఎంతమంది పట్టించుకున్నారు?

విగ్రహాలు పెట్టమనీ, రోడ్లకి పేర్లు పెట్టమనీ నేను అడగను. విగ్రహం పెట్టి మర్చిపోవడంలో మనకి మంచి అనుభవం ఉంది :) నేను అడిగేది చాలా చిన్నది. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో సికింద్రాబాద్, బొల్లారం వైపు పెరిగిన ఎనభై దాటిన పెద్దాయన ఉంటే, ఒక సాయంత్రం కూర్చుని అడగండి. ఫతే మైదాన్‌లో పోలీసు టీము ఆట చూశారా, ఎవరు ఎలా ఆడేవారు అని. చెప్పింది ఫోన్‌లో రికార్డు చేయండి. డాక్యుమెంటేషన్ లేని ప్రాజెక్టులో పాత ఉద్యోగి రాజీనామా చేసి వెళ్ళిపోతే మనం ఎంత ఏడుస్తామో తెలుసుగా! ఈ పెద్దవాళ్ళకి నోటీసు పీరియడ్ కూడా ఉండదు.