రిజిస్ట్రేషన్ అయ్యాక వచ్చిన ఆడపడుచు

(మనుషులు కల్పితం. చట్టం, కాగితాల నడక నిజం.)

"డబ్బు కట్టి, వేలిముద్ర వేసి నెల దాటింది గదా! నా పేరు ఇంకా ఎక్కలేదేంటి బాబూ?"

రాజుపాలెం మండలంలో రెండెకరాల మిరప చేను కొన్న రైతు గొంతు అది. కంప్యూటర్ ముందున్న కుర్రాడు పొలం ఎవరి పేరున ఉందో చెప్పే 1బీ రికార్డు తెరిచి చూపించాడు. పట్టాదారు గడిలో అమ్మినాయన పేరే ఉంది.

"రిజిస్ట్రేషన్ వేరు, రికార్డులో పేరు మార్చే మ్యుటేషన్ వేరు బాబాయ్. మొదటిది అయిందని కబురొచ్చింది. రెండోది నోటీసులో ఉంది."

వెనక బెంచీ మీంచి ఒకావిడ లేచింది. అమ్మినాయన చెల్లెలు. "అది మా తాత పొలం. నా వాటా సంగతి తేల్చకుండానే అమ్మేశాడు మా అన్న!"

పొలం క్రయవిక్రయాలు రిజిస్టర్ చేసిన అధికారి ఆ కబురు మండల రెవెన్యూ అధికారికి చేరవేయాలనీ, రికార్డు మార్చే ముందు సంబంధం ఉన్నవాళ్లకు నోటీసివ్వాలనీ 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం చెబుతుంది. పిత్రార్జితంలో ఆడపిల్లకు వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. అప్పటికే పెళ్లయినవాళ్లకు మాత్రం వర్తించలేదు. 2005లో కేంద్ర చట్టం ఆ మెలికనూ తీసేసింది.

మార్పుకు ముందు చెప్పాలా, తర్వాత చెప్పాలా అన్న ఈ గొడవ ఆబ్జెక్ట్ డేటాబేస్ వాడి ప్రోగ్రాములు రాసేవాళ్లకు కొత్తేం కాదు. డీబీఫోర్‌ఓ అనే డేటాబేస్‌లో ప్రతి మార్పుకూ రెండు ఈవెంట్లుండేవి: ‘మారబోతోంది’, ‘మారింది’. మొదటిదాన్ని పట్టుకున్న కోడ్ మార్పును ఆపేయగలదు. రెండోదానికి కబురు పంపడం, చిట్టా రాసుకోవడం తప్ప చేయగలిగింది లేదు. ఇంకో చిక్కు: ‘మారబోతోంది’ అన్న కేక వినబడేసరికే మెమరీలోని ఆబ్జెక్ట్ కొత్త విలువ తొడుక్కుని ఉంటుంది. అసలు ఏది మారిందో తెలియాలంటే డిస్కులో ఉన్న పాత ప్రతిని విడిగా తెప్పించి పోల్చాలి. ఇది మరిచిన ప్రోగ్రామర్ పేరు మారినా, ఫోన్ నంబరు మారినా ఒకే గంట కొడతాడు.

పొలాల సంగతికే వస్తే, తెలంగాణ 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ తెచ్చి, రిజిస్ట్రేషన్‌తోపాటే పేరూ మార్చేసింది. కొన్నవాడికి హాయే. అక్కడ ఇలాంటి చెల్లెలి అభ్యంతరానికి మాత్రం ‘మారబోతోంది’ అన్న ఘడియే మిగల్లేదు. అందుకే రాజుపాలెం రైతుకైన ఆ నెల రోజుల ఆలస్యాన్ని నేను పూర్తిగా తిట్టలేను.

కుర్రాడు అభ్యంతరం నమోదు చేశాడు. రైతు ఆమెకేసి తిరిగాడు.

"మీ తాత పొలమేనని కాగితం ఉందా అమ్మా?"

"ఉంది, పాత అడంగల్ నకలు. నీకెందుకు చూపిస్తాను? ఎమ్మార్వో గారికే చూపిస్తా."