గచ్చు కింద పూడ్చిన సీరియల్

లివర్‌పూల్‌లో ఓ చిన్న సందు. వెళ్లినదారినే తిరిగి రావాలి, అవతలికి దారి లేదు. నిర్మాత ఫిల్ రెడ్‌మండ్ అక్కడ నిజమైన ఇళ్లే కొన్నాడు. స్టూడియోలో అట్టగోడలు నిలబెట్టడం ఆయనకు గిట్టలేదు. 1982 నవంబర్ 2న, ఛానెల్ 4 పుట్టిన రాత్రే, ఆ ఇళ్లలో ‘బ్రూక్‌సైడ్’ సీరియల్ మొదలైంది.

గ్రాంట్ కుటుంబం అక్కడికి కాపురానికొచ్చింది. బాబీ యూనియన్ మనిషి, మొండిఘటం. భార్య షీలాకు చర్చి అంటే ప్రాణం. అవి ప్రధాని థాచర్ రోజులు, ఊళ్లో ఉద్యోగాలు ఊడుతున్నాయి. కొడుకు డేమన్ ప్రభుత్వ శిక్షణ పథకంలో చేరి, గోడలకు రంగులేస్తూ, చివర్లో ఉద్యోగమిస్తారని ఆశపడ్డాడు. ఇవ్వలేదు. అంతే కథ. ఆ కుర్రాడి మొహం చూసినవాళ్లకు తమ ఇంట్లో కుర్రాడు గుర్తొచ్చి ఉంటాడు. జిమ్మీ మెక్‌గవర్న్ లాంటి రచయితలు పనిచేసిన కాలమది. 1986లో షీలాపై అత్యాచారం జరిగింది. ఆ కాపురం మర్నాడే కూలిపోలేదు, మెల్లగా బీటలువారింది. 1988లో బాబీ ఇల్లొదిలి వెళ్లిపోయాడు.

నా లెక్కలో సీరియల్ పతనానికి బీజం పడింది ఓటమిలో కాదు, గెలుపులోనే. 1993లో జోర్డాష్ కుటుంబం వచ్చింది. భార్యను కొట్టి, కూతుళ్లను చెరిచే ట్రెవర్‌ను భార్య మాండీ, పెద్దకూతురు బెత్ చంపి, పెరట్లో పాతిపెట్టారు. దానిమీద గచ్చు పరిచారు. 1995లో శవం బయటపడేదాకా దేశమంతా ఆ గచ్చునే చూసింది. హత్యకు ముందు మాండీ కళ్లలో భయం చూశారు గనుకే జనం ఆ తల్లీకూతుళ్ల పక్షాన నిలిచారు. తీసేవాళ్లకు మాత్రం శవమొక్కటే కనబడినట్టుంది.

బెత్ పాత్రధారి ఆనా ఫ్రియల్ సీరియల్ వదిలేసింది. దాంతో, హత్యకేసులో జైలుపాలైన బెత్ జైలుగదిలోనే గుండెజబ్బుతో పోయింది. ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆ జబ్బు! అదే ఏడాది అంతుపట్టని వైరస్ సందులోకొచ్చి మనుషుల్ని తీసుకుపోయింది. 1996లో అన్నాచెల్లెళ్ల మధ్య శృంగారం. ఆ తర్వాత పేలుళ్లు, తుపాకులు, ముట్టడులు. ఇన్ని ఘోరాలు జరిగినా ఇల్లమ్ముకుని పోదామన్న ఆలోచన ఒక్కరికీ రాదేం? మన సీరియళ్లు చూసేవారికిది కొత్తేం కాదు లెండి.

2002లో ఛానెల్ ‘బ్రూక్‌సైడ్’ను శనివారం మధ్యాహ్నానికి నెట్టేసింది. 2003 నవంబర్ 4న, రాత్రి పొద్దుపోయాక, ఆఖరి ఎపిసోడ్ వేసింది. అందులో సందువాసులే కలిసి ఓ మత్తుమందుల వ్యాపారిని ఉరితీశారు. అంతకు ఇరవయ్యొక్కేళ్ల ముందు నిరుద్యోగం గురించి తల్లిదండ్రులు పోట్లాడుకున్న సందు అది.

బాబీ, షీలాలుగా వేసిన రికీ టామ్లిన్‌సన్, స్యూ జాన్‌స్టన్ అప్పటికే మళ్లీ మొగుడూపెళ్లాలయ్యారు. 1998లో బీబీసీలో మొదలైన ‘ద రాయిల్ ఫ్యామిలీ’లో వాళ్లు సోఫాలో కూలబడి టీవీ చూస్తారు, టీ తాగుతారు, ఒకర్నొకరు దెప్పుకుంటారు. కథంటూ ఏమీ ఉండదు. జనం మాత్రం విరగబడి చూశారు.