ఆకుల నీడలు, కుట్టు గీతలు: ఆర్ట్ క్విల్ట్‌లో మొక్కల ఛాయాచిత్రం, సొంత జ్ఞాపకం

పైన ఒక గుడ్డ, నడుమ దూదిపొర, అడుగున మరో గుడ్డ: ఈ మూడింటినీ కలిపి కుట్టినది క్విల్ట్. కప్పుకోవడానికి కాక గోడకు వేలాడదీసి చూడడానికే తయారుచేస్తే అది ఆర్ట్ క్విల్ట్. తెలుగిళ్లలో పాత చీరలు పొరలుగా పరిచి కుట్టే బొంత దీనికి దూరపు చుట్టమే. మొక్కల ఛాయాచిత్రాలను మార్చి గుడ్డ మీద అచ్చువేసి, వాటిలో సొంత జ్ఞాపకాలను పొదగడం ఈ కళలో ఒక శాఖ. ఇక్కడ అసలు పనితనం బొమ్మను గుడ్డకు ఎక్కించడంలో లేదు. ఫొటోలో ఉన్న వివరాల్లో ఏవి తీసెయ్యాలో తేల్చుకోవడంలో ఉంది.

క్విల్ట్ గోడకెక్కిన చరిత్రలో తరచుగా చెప్పే మలుపు 1971. ఆ ఏడాది న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో జొనాథన్ హోల్‌స్టీన్, గేల్ వాన్ డెర్ హూఫ్ తాము సేకరించిన పాత అమెరికన్ క్విల్ట్‌లను ఆధునిక చిత్రాల్లా ప్రదర్శించారు. ఆకారానికీ రంగుకూ గౌరవం దక్కింది గానీ, కుట్టిన ఆడవాళ్ల కథలు వెనక్కి పోయాయని తర్వాతి విమర్శకులు తప్పుపట్టారు. ఆ విమర్శలో న్యాయముంది. 1979లో ఒహాయో రాష్ట్రంలోని ఏథెన్స్‌లో మొదలైన ‘క్విల్ట్ నేషనల్’ ప్రదర్శనలు కొత్తగా కుట్టేవాళ్లకు వేదికయ్యాయి.

జ్ఞాపకం మాత్రం క్విల్ట్‌లోకి కొత్తగా వచ్చింది కాదు. కెంటకీ హిస్టారికల్ సొసైటీలో భద్రపరచిన ‘గ్రేవ్‌యార్డ్ క్విల్ట్’ను ఎలిజబెత్ రోజ్‌బెరీ మిచెల్ కుట్టింది. అది 1843 నాటిదని చెబుతారు. నడుమ కంచె వేసిన శ్మశానం, అంచుల వెంట గుడ్డతో చేసిన శవపేటికలు, వాటి మీద కుటుంబసభ్యుల పేర్లు. ఎవరైనా పోతే వారి పేటికను అంచు నుంచి ఊడదీసి నడుమకు చేర్చి కుట్టడం అందులోని ఏర్పాటు. కొన్ని నడుమకు చేరాయి, కొన్ని అంచునే ఉండిపోయాయి. ఇక్కడ జ్ఞాపకం బొమ్మలో కన్నా కుట్టు విప్పి మళ్లీ వేసే పనిలోనే ఎక్కువ ఉంది. ఈ సంగతి తర్వాతి కాలపు ఫొటో క్విల్ట్‌లకూ వర్తిస్తుంది.

సరిగ్గా అదే 1843లో ఇంగ్లండులో ఆనా అట్కిన్స్ సముద్రపు నాచుల నీలిముద్రల సంపుటాలు వెలువరించడం మొదలుపెట్టింది. జాన్ హెర్షెల్ అంతకు ముందు ఏడాదే కనిపెట్టిన సయనోటైప్ పద్ధతి ఆమెకు ఆధారం. నాచులోని సన్నని పోగులను చేత్తో గీయడం కష్టం గనుక ఆమె నేరుగా మొక్కనే కాగితం మీద పరిచి ఎండలో పెట్టింది. ఆ సంపుటాలను తండ్రికి అంకితం చేసింది. 1852లో ఆయన పోయాక చిన్ననాటి స్నేహితురాలు ఆన్ డిక్సన్ వచ్చి తోడుండగా, ఇద్దరూ కలిసి ఫెర్న్‌లు, పూలమొక్కల ముద్రలు తీశారు. ఆ నీలిముద్రల్లో శాస్త్రం ఎంతో, దుఃఖం ఎంతో విడదీయడం సులభం కాదు.

గుడ్డ మీద సయనోటైప్ నేటికీ దాదాపు అలాగే చేస్తున్నారు. ఫెర్రిక్ అమోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ ద్రావణాలను కలిపి నూలుగుడ్డకు పట్టించి చీకట్లో ఆరబెడతారు. మీద ఆకు పెట్టి, గాజుపలకతో అదిమి ఎండకు ఉంచుతారు. అతినీలలోహిత కిరణాలు తగిలినచోట ప్రష్యన్ నీలం ఏర్పడుతుంది. ఆకు అడ్డుపడినచోట రసాయనం నీటిలో కడుక్కుపోయి తెలుపు మిగులుతుంది. పల్చని రేకు కొంత వెలుతురును వదులుతుంది కాబట్టి పువ్వు అంచులు లేత నీలంగా వస్తాయి. పచ్చదనం, మరకలు, పురుగు తిన్న మచ్చలు పోయి ఆకారం ఒక్కటే నిలుస్తుంది.

కంప్యూటర్‌లో అదే వడపోత ఇంకో దారిలో జరుగుతుంది. కొందరు కెమెరా బదులు స్కానర్ వాడతారు. మూత తెరిచి, గది చీకటి చేసి ఆకును గాజు మీద పెడితే వెనక నల్లగా, ఈనెలు స్పష్టంగా వస్తాయి. ఆపైన రంగుల మెట్లు తగ్గించడం, నలుపు తెలుపులుగా విడగొట్టడం, అద్దంలోలా తిప్పి జతచేయడం, ఒక పొర మీద మరో పొర కలపడం. పాత ఉత్తరంలోని చేతిరాతనో, పెరటి గోడ ఫొటోనో ఆకు పొర కింద చేర్చి సగం కనపడేలా ఉంచడం ఎక్కువగా కనిపించే పద్ధతి. సిద్ధంగా దొరికే ఫిల్టర్లతోనే సరిపెడితే మాత్రం ఎవరి జ్ఞాపకమైనా ఒకేలా తయారవుతుంది. ఈ శాఖలోని బలహీనమైన పనుల్లో ఎక్కువ భాగం ఇక్కడే దెబ్బతింటాయి.

మైకేల్ జేమ్స్ పని దీనికి మంచి ఎదురు ఉదాహరణ. చిత్రకళ చదివి, రంగు పట్టీలు జోడించిన జ్యామితీయ క్విల్ట్‌లతో పేరు పొందిన ఈయన, నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో బోధిస్తున్న కాలంలో డిజిటల్ ముద్రణకు మళ్లాడు. భార్యకు అల్జైమర్స్ వచ్చిన ఏళ్లలో చేసిన క్విల్ట్‌లను 2015లో ‘ఆంబిగ్యుటీ అండ్ ఎనిగ్మా’ పేరుతో నెబ్రాస్కాలోని లింకన్ నగరంలో ప్రదర్శించారు. చెరిగిపోతున్న మనసు గురించి చెప్పడానికి మసకబారిన బొమ్మ అలంకారం కాదు, అదే విషయం.

ముద్రించేటప్పుడు గుడ్డను ఫ్రీజర్ పేపర్ మెరిసే ప్లాస్టిక్ పూత వైపుకు ఇస్త్రీతో అతికించి ఇంక్‌జెట్ ప్రింటర్‌లోకి పంపుతారు. ఇంట్లోని ప్రింటరైతే బొమ్మ ఎ4 ముక్కలుగా వస్తుంది. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. క్విల్ట్ ముక్కల్ని కలిపేటప్పుడు ఒక్కో అంచు నుంచి పావు అంగుళం కుట్టులోకి పోతుంది. అంటే ప్రతి అతుకు దగ్గర అర అంగుళం బొమ్మ మాయమై, ఒక ముక్కలోని ఈనె పక్క ముక్కలోని ఈనెతో కలవదు. అందుకే అంచుల్లో బొమ్మను రెండు వైపులా కొంచెం ఎక్కువగా అచ్చువేస్తారు. కొందరైతే కావాలనే వేయరు. తెగిన ఈనెను అలాగే వదిలి, మధ్యలో పోయిన భాగాన్ని చూసేవాళ్ల ఊహకు విడిచిపెడతారు.

చివరి దశ కుట్టు. మిషన్‌లో గుడ్డను నడిపించే పళ్లను కిందికి దించితే, పాదం కింద గుడ్డను చేత్తో ఎటైనా తిప్పుతూ కుట్టవచ్చు. దారం ఈనెల వెంట సాగితే ఆకు అమరిక బలపడుతుంది. ఈనెలకు అడ్డంగా పోతే ఫొటో వెనక్కి జరిగి కుట్టు ముందుకొస్తుంది. దట్టంగా కుట్టినచోట గుడ్డ అణగి, వదిలినచోట దూది ఉబ్బుతుంది. అచ్చులో లేని వెలుగునీడలు ఆ ఎత్తుపల్లాల వల్ల వస్తాయి. క్షణంలో తీసిన ఫొటో మీద రోజుల తరబడి చేతిపని చేరడం వల్లనే ఇది పోస్టర్‌కు భిన్నమవుతుంది.

నిల్వ విషయంలో రెండు పద్ధతుల స్వభావాలు వేరు. ఇంక్‌జెట్‌లో డై సిరాల కన్నా పిగ్మెంట్ సిరాలు వెలుతురును ఎక్కువ కాలం తట్టుకుంటాయి. సయనోటైప్ ఎండలో వెలిసినా చీకట్లో ఉంచితే కొంత రంగు తిరిగి తెచ్చుకుంటుంది. క్షారగుణమున్న సబ్బుతో ఉతికితే మాత్రం నీలం పాలిపోయి పసుపుకు తిరుగుతుంది. మ్యూజియంలు వస్త్రాలను సాధారణంగా 50 లక్స్‌కు మించని వెలుతురులో, పరిమిత కాలమే ప్రదర్శించి, తర్వాత ఆమ్లరహిత కాగితం మధ్య చుట్టి పెడతాయి.